పడిన స్తంభం ఎవరి ఖాతాలో?

చాలా రోజులైంది ఇక్కడ ఏమైనా రాసి. ఆఫీసులో రిలీజులు, ఇంట్లో పెళ్ళి మాటలు, మధ్యలో నా బద్ధకం... కారణాలకేం తక్కువ లేదు. కానీ 2025 అక్టోబరు నుంచి ఒక ప్రశ్న బుర్రలో తిరుగుతోంది. రాసేస్తే తప్ప వదిలేలా లేదు. టపా కొంచెం పెద్దదే, ఓపిక చేసుకోండి.

2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. టీవీల్లో అందరూ కాకినాడ, మచిలీపట్నం చూపిస్తున్నారు. హనుమకొండలో మా ఇంట్లో అది పక్కింటి గొడవలాగా చూస్తూ కూర్చున్నాం. మాకూ సముద్రానికీ దాదాపు రెండొందల యాభై కిలోమీటర్ల దూరం మరి. మర్నాడు ఆ వానంతా వచ్చి మా నెత్తిన పడింది. లోతట్టు కాలనీలు మునిగాయి. డోర్నకల్ స్టేషన్లో పట్టాల మీదికి నీళ్ళొచ్చి రైళ్ళు ఆగిపోయాయి. మా వీధిలో వేపచెట్టు తీగల మీద పడి, దాంతోపాటు ఒక సిమెంటు స్తంభం విరిగింది. ఇంక కరెంటు సంగతి చెప్పేదేముంది, యూపీయస్ మూడు గంటలకి చేతులెత్తేసింది.

వాన తెరిపిచ్చాక లైన్‌మన్ వచ్చాడు, వెంట ఇద్దరు హెల్పర్లు. ముందు రోజు నుంచి నిద్ర లేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. బాపు బలవంతంగా ఆపి చాయ్ ఇచ్చాడు. నేను ఊరుకోలేక అడిగాను:

"అన్నా, గీ పోలు 2020 వానలప్పుడు గూడ పడ్డది గదా. మళ్ళ గదే గుంతల గసొంటి పోలే పెడ్తున్రా?"

ఆయన చాయ్ ఊదుకుంటూ నవ్వాడు. "తమ్మీ, పడ్డదాన్ని లేపుతానికి పైసలొస్తయి. పడకుంట జేస్తానికి రావు."

నాలుగేళ్ళు ట్రిపుల్ ఈ చదివి, ఆ తర్వాత జావా రాసుకుంటూ బతుకుతున్నవాణ్ణి. పవర్ సిస్టమ్స్ పేపర్లో ఫాల్ట్ కరెంట్ ఎంతో లెక్క కట్టడం నేర్పారు గానీ, ఆ ఫాల్ట్ ఖర్చు ఎవరు కడతారో ఎవరూ నేర్పలేదు. అందుకే కూర్చుని పాత సంగతులు తవ్వాను. తేలిందేంటంటే, ఆ లైన్‌మన్ ఒక్క వాక్యంలో చెప్పింది మన యాభై ఏళ్ళ తుఫాను చరిత్ర.

1977: జీతం మీద అడ్వాన్సు

1977 నవంబరు 19. దివిసీమ. మన పెద్దవాళ్ళలో ఎవర్నడిగినా ఆ తేదీ గుర్తుంటుంది. ఐదారు మీటర్ల ఎత్తున సముద్రం లేచి నాగాయలంక, కోడూరు, హంసలదీవి వైపు ఊళ్ళని ఊడ్చుకుపోయింది. చచ్చిపోయినవాళ్ళు అధికారిక లెక్కల్లోనే పది వేల పైన. అప్పుడు ముఖ్యమంత్రి జలగం వెంగళరావు, ఢిల్లీలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం. రెండుచోట్లా వేరు వేరు పార్టీలు.

ఆ తుఫాను కథల్లో కరెంటు గురించి పెద్దగా కనపడదు. శవాలు లెక్కపెట్టుకునే చోట స్తంభాలు ఎవరు లెక్కపెడతారు? పైగా ఆ గుడిసెల్లో చాలావాటికి అసలు కరెంటే లేదు. రాష్ట్ర విద్యుత్ బోర్డు పుట్టింది 1959లో. గ్రామీణ విద్యుదీకరణ సంస్థ వచ్చింది 1969లో. ఊళ్ళకి తీగలు లాగే పని అప్పుడప్పుడే ఊపందుకుంటోంది.

అయితే డబ్బు సంగతి చూస్తే నాకు ఆశ్చర్యం వేసింది. 1957 నుంచి, అంటే రెండో ఆర్థిక సంఘం కాలం నుంచి, ప్రతి రాష్ట్రానికీ విపత్తుల కోసం 'మార్జిన్ మనీ' అని కొంత మొత్తం లెక్కగట్టేవాళ్ళు. 1974లో పద్ధతి మారింది. పెద్ద విపత్తు వస్తే కేంద్రం ఇచ్చేది 'ముందస్తు ప్రణాళికా సాయం'. అంటే రాబోయే ఏళ్ళలో రాష్ట్ర ప్రణాళికకి ఎలాగూ రావాల్సిన డబ్బులోంచే కొంత ఇప్పుడే ఇచ్చి, తర్వాత సర్దుకోవడం. మన భాషలో జీతం మీద అడ్వాన్సు. ఇల్లు కూలిందని మేనేజరు దగ్గరికి వెళ్తే "అయ్యో పాపం" అని వచ్చే మూడు నెలల జీతం చేతిలో పెట్టడం లాంటిది. సాయమే, కాదనను. కానీ ఆ మూడు నెలలు ఏం తింటాం?

దివిసీమ తర్వాత ఏడో ఆర్థిక సంఘం దీన్ని కొంత సరిచేసింది. వరదలు, తుఫాన్లలో మార్జిన్ మనీ దాటిన ఖర్చులో 75 శాతం కేంద్రం గ్రాంటుగా ఇవ్వాలంది. కరువుకి మాత్రం అడ్వాన్సు పద్ధతే. కరువు మన జిల్లాలకి, తుఫాను కోస్తాకి కదా... ఈ తేడా చూసి మా వాళ్ళు ఏమనుకునేవాళ్ళో! సరే, అది వేరే గొడవ.

1990, 1996: మనుషులు బతికారు, తీగలు చచ్చాయి

1990 మే 9న ఇంచుమించు అదే తీరానికి మళ్ళీ తుఫాను వచ్చింది. ఈసారి చనిపోయింది 967 మంది. చిన్న సంఖ్య అని కాదు, కానీ పదమూడేళ్ళ ముందుతో పోల్చండి. రాడార్లు, ఉపగ్రహ చిత్రాలు, తుఫాను షెల్టర్లు, లక్షల మందిని ముందే ఊళ్ళు ఖాళీ చేయించడం... ఇవన్నీ పనిచేశాయి. మనం నిజంగా గర్వపడాల్సిన విషయం.

కానీ ఈ పదమూడేళ్ళలో ఇంకోటి కూడా జరిగింది. ఊరూరికీ కరెంటొచ్చింది. పొలానికి మోటారు, వీధికి దీపం, రొయ్యల చెరువుకి తీగ. వీలైనన్ని ఎక్కువ ఊళ్ళకి, వీలైనంత తక్కువ ఖర్చులో లాగిన లైన్లు. అది తప్పని నేను అనను, ఆ రోజుల్లో అదే న్యాయం. కానీ దాని ఫలితం ఏంటంటే, తుఫానుకి మనుషులు తక్కువ దొరికారు, ఆస్తి ఎక్కువ దొరికింది.

సరిగ్గా 1990లోనే తొమ్మిదో ఆర్థిక సంఘం చెప్పినట్టు 'విపత్తు సహాయ నిధి' మొదలైంది. దేశం మొత్తానికి ఏడాదికి 804 కోట్లు, అందులో మూడొంతులు కేంద్రం, ఒక వంతు రాష్ట్రం. దేశం మొత్తానికండీ! అంచేత 1990 తుఫాను పునర్నిర్మాణానికి ప్రపంచ బ్యాంకు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చింది. 1996 నవంబరు 6న కోనసీమ మీద పడ్డ తుఫానులో వెయ్యి మంది పైన చనిపోయారు, కొబ్బరి తోటలు నేలకి ఒరిగిపోయాయి. 1997లో మళ్ళీ ప్రపంచ బ్యాంకు, 15 కోట్ల డాలర్లు.

ఇక్కడ ఒక అలవాటు ఏర్పడింది, గమనించండి. తక్షణ సాయం అంటే బియ్యం, కిరోసిను, చనిపోయినవాళ్ళ కుటుంబాలకి డబ్బు, పడ్డ తీగ ఎత్తి కట్టడం... ఇది నిధి నుంచి. 'మళ్ళీ పడకుండా కట్టడం' మాత్రం అప్పు నుంచి.

అదే సమయంలో ఇంకో వైపు విద్యుత్ సంస్కరణలు. 1995లో హితేన్ భయ్యా కమిటీ, 1998లో సంస్కరణల చట్టం, 1999 ఫిబ్రవరిలో బోర్డు జెన్‌కో, ట్రాన్స్‌కోలుగా రెండు ముక్కలు. దానికీ అదే నెలలో ప్రపంచ బ్యాంకు 21 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేసింది. 2000 ఏప్రిల్లో పంపిణీ నాలుగు కంపెనీలైంది. తిరుపతి, హైదరాబాదు, విశాఖ, వరంగల్ కేంద్రాలుగా. అదే ఏడాది ఆగస్టు 28న బషీర్‌బాగ్ కాల్పులు. 2004 మే 14న ఉచిత విద్యుత్తు మీద తొలి సంతకం. ఈ కథ మీ అందరికీ తెలుసు, దీని మీద కొట్టుకున్నాం కూడా :)

కానీ తుఫాను కోణం నుంచి ఎప్పుడైనా చూశారా? బోర్డు ఒక్కటిగా ఉన్నప్పుడు విశాఖలో పడ్డ స్తంభం భారం తెలియకుండానే నిజామాబాద్ దాకా పంచబడేది. కంపెనీలు విడిపోయాక కోస్తా తీరం రెండు కంపెనీల ఖాతాలో పడింది. మన ఎన్పీడీసీఎల్‌కి సముద్రమే లేదు. సాఫ్ట్‌వేర్‌లో మోనోలిత్‌ని మైక్రోసర్వీసులుగా విడగొట్టినప్పుడు ఫెయిల్యూర్‌ని ఎవరు హ్యాండిల్ చేస్తారో ముందే రాసుకుంటాం కదా. ఇక్కడ ఎవరు ఎంత సబ్సిడీ ఇవ్వాలి, ఎవరు ఎంత వసూలు చేయాలి అన్నదాని మీద పేజీలకి పేజీలు చర్చ జరిగింది. గాలివాన గురించి మాత్రం అంత చర్చ జరిగినట్టు నాకు కనపడలేదు.

ఒడిశా చెప్పిన పాఠం

రాసుకోకపోతే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో కనపడింది. దేశంలో అందరికంటే ముందు, 1996లోనే ఒడిశా విద్యుత్ సంస్కరణలు మొదలుపెట్టింది. 1999లో పంపిణీ ప్రైవేటుకిచ్చింది. భువనేశ్వర్, కటక్, పూరీ ఉన్న మధ్య మండలాన్ని అమెరికా కంపెనీ ఏఈఎస్ 1999 సెప్టెంబరులో తీసుకుంది.

1999 అక్టోబరు 29న సూపర్ సైక్లోన్.

రెండు నెలలు కూడా కాలేదు. వేల మంది ప్రాణాలు పోయాయి. కొన్న నెట్‌వర్క్‌లో పెద్ద భాగం నేలమీద ఉంది. అది కట్టడానికి డబ్బు ఎవరిది? కొన్నవాడిదా, అమ్మినవాడిదా, ఛార్జీలు కట్టే జనానిదా, ఢిల్లీదా? దాని చుట్టూ తగవులు, బకాయిల తగవులు, టారిఫ్ తగవులు... 2001లో ఏఈఎస్ చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. తుఫాను ఒక్కటే కారణం అనడం అన్యాయం. నష్టాలు, దొంగ కరెంటు, రాని బిల్లులు అన్నీ ఉన్నాయి. కానీ తుఫాను ఖర్చు ఎవరిదో ముందు తేల్చుకోని ఒప్పందం మొదటి గాలికే వణికిపోయిందన్నది మాత్రం నిజం.

2019 మే 3న ఫణి తుఫాను అదే పూరీ మీద పడింది. భువనేశ్వర్‌లో రోజుల తరబడి కరెంటు లేదు. ఆంధ్ర, తెలంగాణల నుంచి కూడా విద్యుత్ సిబ్బంది వెళ్ళి స్తంభాలు ఎత్తారు. మనుషులు అలా కదలడం చూస్తే కడుపు నిండుతుంది. డబ్బు మాత్రం అంత తేలిగ్గా కదలదు.

హుద్‌హుద్: గాలి అక్కడ, చీకటి ఇక్కడ

2014 అక్టోబరు 12, ఆదివారం. నేను ఇంటర్ సెకండియర్. రాష్ట్రం విడిపోయి నాలుగు నెలలు. కరెంటు వాటాలు 53.89, 46.11 అని పేపర్లో రోజూ చదివి బట్టీ పట్టేశాం. శ్రీశైలంలో ఎవరు ఎంత నీళ్ళు వాడి కరెంటు తీయాలన్న పంచాయితీ నడుస్తోంది. మాకు రోజూ కోతలు. కొవ్వొత్తి పెట్టుకుని ఇంటిగ్రేషన్ చేసిన బ్యాచ్ మాది.

ఆ మధ్యాహ్నం హుద్‌హుద్ నేరుగా విశాఖ నగరాన్ని కొట్టింది. మన దగ్గర ఒక మహానగరం మీద నేరుగా అలాంటి తుఫాను పడటం అరుదు. ఎయిర్‌పోర్టు పైకప్పు లేచిపోయింది. సెల్‌టవర్లు మూగబోయాయి. నగరం మొత్తం చీకటి. కరెంటు లేక నీళ్ళు ఎక్కవు, నీళ్ళు లేక ఆసుపత్రి నడవదు, పెట్రోలు బంకులో పంపు తిరగదు. చనిపోయినవాళ్ళ సంఖ్య పదుల్లో ఆగింది. 1977తో పోలిస్తే అద్భుతం. కానీ రాష్ట్ర ప్రభుత్వం చెప్పిన నష్టం అంచనా దాదాపు 21,900 కోట్లు.

పక్కనే ఉన్న సింహాద్రి థర్మల్ కేంద్రం, 2,000 మెగావాట్లది, ఆగిపోయింది. బొగ్గుంది, బాయిలరుంది, కరెంటు బయటకి పంపే లైన్లు లేవు. సింహాద్రి కరెంటులో తెలంగాణకీ వాటా ఉంది. అంటే విశాఖలో వీచిన గాలికి వరంగల్‌లో ఫ్యాను ఆగే ఏర్పాటు అన్నమాట. "వాళ్ళ తుఫాను, మన కోత" అని అప్పుడు మా క్లాసులో గొణుక్కున్నాం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. రాష్ట్రాలు విడిపోయాయి గానీ గ్రిడ్ విడిపోలేదు.

రెండు రోజులకి ప్రధాని వచ్చి 1,000 కోట్ల మధ్యంతర సాయం ప్రకటించారు. అది ఎంత వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని పార్టీలు తర్వాత చాలా కాలం వాదించుకున్నాయి. నాకు ఆ వాదన కంటే, అసలు నిబంధనల్లో ఏముందన్నది ముఖ్యం అనిపించింది.

2005 విపత్తు నిర్వహణ చట్టం తర్వాత పాత నిధుల స్థానంలో 2010 నుంచి రాష్ట్రాలకి ఎస్డీఆర్ఎఫ్, కేంద్రంలో ఎన్డీఆర్ఎఫ్ వచ్చాయి. (పడవల్లో వచ్చే నారింజ డ్రస్సు వాళ్ళు కాదు, అదే పొట్టి పేరున్న నిధి.) వీటి నుంచి దేనికి ఎంత ఇవ్వచ్చో కేంద్ర హోంశాఖ ఒక పట్టిక ఇస్తుంది. 2015 ఏప్రిల్ పట్టికలో కరెంటు వరుస చూడండి:

- పడ్డ స్తంభానికి 4,000 రూపాయలు
- తెగిన తీగకి కిలోమీటరుకి 50,000
- పోయిన ట్రాన్స్‌ఫార్మర్‌కి 1,00,000
- ఇదంతా 11 కేవీ వరకే, తక్షణం సరఫరా తిరిగి ఇవ్వడానికి మాత్రమే

ఇంతే. 33 కేవీ లైన్లు లేవు, పెద్ద టవర్లు లేవు. గట్టి స్తంభం, దగ్గర దగ్గరగా పాతడం, భూగర్భ కేబులు... ఇవేవీ ఈ వరుసలో ఇమడవు. మన భాషలో చెప్పాలంటే 'లాస్ట్ నోన్ గుడ్ కాన్ఫిగరేషన్'కి రోల్‌బ్యాక్. బగ్ ఉన్న వెర్షన్‌కే! నాకు లైన్‌మన్ మాట అప్పుడు పూర్తిగా అర్థమైంది. ఆయన నిట్టూర్చలేదు, నిబంధన చదివి వినిపించాడు.

మరి విశాఖలో భూగర్భ కేబుళ్ళు ఎలా వచ్చాయి? 2015లో ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 25 కోట్ల డాలర్ల అప్పుతో. 1990, 1997, 2015... చూశారుగా, అలవాటు తప్పలేదు.

ఒక్కటి మాత్రం మారింది. పాతరోజుల్లో ఇలాంటి విదేశీ అప్పుని కేంద్రం తీసుకుని, రాష్ట్రానికి 70 శాతం అప్పుగా, 30 శాతం గ్రాంటుగా, రూపాయల్లో ఇచ్చేది. 2005 నుంచి ఆంధ్ర లాంటి రాష్ట్రాలకి ఆ అప్పు ఎలా వచ్చిందో అలాగే దిగుతోంది. డాలరు పెరిగితే ఆ పెరుగుదల కూడా రాష్ట్రానిదే. ఆన్‌సైట్ వాళ్ళకి డాలరు పెరిగితే పండగ, పడ్డ స్తంభానికి డాలరు పెరిగితే ఇంకో తుఫాను :( ప్రత్యేక హోదా బదులుగా కొన్నేళ్ళ విదేశీ అప్పుల చెల్లింపు తాము భరిస్తామని 2016లో కేంద్రం ఆంధ్రకి చెప్పిన మాట వాస్తవమే. కానీ అది విభజన బేరంలో భాగం, తుఫాను నియమం కాదు. రేపు ఇంకో రాష్ట్రానికి ఆ దారి లేదు.

బయట ఎలా ఉంది?

ఇది మన దరిద్రమేనేమో అనుకున్నాను మొదట. కాదు. 2017 సెప్టెంబరు 20న మరియా హరికేన్ ప్యూర్టోరికో దీవి గ్రిడ్‌ని మొత్తం కూల్చింది. అక్కడి విద్యుత్ సంస్థ అంతకు రెండు నెలల ముందే, సుమారు 900 కోట్ల డాలర్ల అప్పుతో దివాలాకి వెళ్ళింది. చిట్టచివరి ఇళ్ళకి కరెంటు రావడానికి ఇంచుమించు పదకొండు నెలలు పట్టింది. మీకు తెలుసా, అమెరికా విపత్తు చట్టంలోనూ ఇదే మెలిక ఉండేది. తుఫానుకి ముందు ఏ స్థితిలో ఉందో ఆ స్థితికి తేవడానికే డబ్బు. కుళ్ళిపోయిన గ్రిడ్‌ని మళ్ళీ కుళ్ళిన గ్రిడ్‌గా కట్టమన్నట్టు. 2018 ఫిబ్రవరిలో అమెరికన్ కాంగ్రెస్ ప్యూర్టోరికో లాంటి చోట్లకి ప్రత్యేకంగా ఆ మెలిక తీసేసింది. ముందు ఎలా ఉందన్నదానితో సంబంధం లేకుండా ప్రమాణాల ప్రకారం కట్టచ్చంది. ఆ తర్వాత పనులు నత్తనడక నడిచాయి, అది వేరే సంగతి. కనీసం నియమం తప్పని ఒప్పుకున్నారు.

2024 జులైలో బెరిల్ హరికేన్ రెండు చోట్ల రెండు కథలు చెప్పింది. జులై 8న హ్యూస్టన్‌లో 22 లక్షల పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. కేటీ, షుగర్‌ల్యాండ్‌లో ఉన్న మనవాళ్ళు ఏసీ లేక హోటళ్ళు వెతుక్కున్నారు. అక్కడ తుఫాను ఖర్చు బాండ్లుగా మారి ఏళ్ళ తరబడి కరెంటు బిల్లులో వస్తుంది. 2008 ఐక్ హరికేన్ ఖర్చుకీ అదే చేశారు. నచ్చినా నచ్చకపోయినా, ఎవరు కడతారో స్పష్టంగా ఉంది.

హ్యూస్టన్ కంటే వారం ముందు అదే బెరిల్ గ్రెనడా అనే చిన్న దేశంలోని కారియాకూ దీవిని తుడిచిపెట్టింది. గ్రెనడా తెలివైన పని చేసి ఉంచుకుంది. 2015లో పాత అప్పులు తిరగరాసుకున్నప్పుడు బాండ్లలో ఒక 'హరికేన్ క్లాజు' పెట్టించుకుంది. పెద్ద హరికేన్ వస్తే కొన్ని వాయిదాలు వెనక్కి జరుగుతాయి. 2024 ఆగస్టులో ఆ క్లాజు వాడుకుంది. మాఫీ కాదు, వాయిదా. ఇల్లు మునిగిన నెలలో ఈఎంఐ ఆగడం. మన జనాభాలో చిటికెడు కూడా లేని దేశం ఇంత ఆలోచించింది.

మళ్ళీ మన దగ్గరికి

న్యాయంగా మాట్లాడాలంటే అవతలి వాదన కూడా చెప్పాలి. రాష్ట్రాలు నష్టాన్ని పెంచి చెప్తాయి, కేంద్రానికి అది తెలుసు. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానం కొబ్బరిని నేలకూల్చినప్పుడు రాష్ట్రం 3,400 కోట్ల పైన నష్టం అంది, కేంద్రం ఆమోదించింది 539 కోట్లు. 2024 సెప్టెంబరు వరదలకి రెండు తెలుగు రాష్ట్రాలూ వేల కోట్ల లెక్కలిచ్చాయి. 2025 ఫిబ్రవరిలో ఎన్డీఆర్ఎఫ్ నుంచి అదనంగా ఆమోదం వచ్చింది ఆంధ్రకి 608.08 కోట్లు, తెలంగాణకి 231.75 కోట్లు. ఈ తేడా చూసి "వివక్ష" అని మనం అరుస్తాం. కానీ రెండు వైపులా కొలిచేది ఒకే వస్తువు కాదు. రాష్ట్రం చెప్పేది మొత్తం నష్టం. కేంద్రం లెక్కేసేది పట్టికలో ఉన్న తక్షణ సాయం. రెండు వేరు వేరు టేబుళ్ళని జాయిన్ చేసి, రోలు మ్యాచ్ కాలేదని ఏడవడం లాంటిది.

ఇంకో మాట. చార్జీలు పెంచే ధైర్యం ఏ ప్రభుత్వానికీ లేదు, సబ్సిడీ బకాయిలు సమయానికి కట్టరు, కాబట్టి డిస్కంల దగ్గర చేతిలో పైసా మిగలదు. తుఫాను కోసం విడిగా దాచుకునేది ఎక్కడ? అన్నీ ఢిల్లీ మీదకి తోసేస్తే కుదరదు. రైతుకి ఉచితంగా ఇవ్వడం తప్పని నా ఉద్దేశం కాదు, మా తాతకీ మోటారు ఉండేది. ఇచ్చేదాని లెక్క మాత్రం అదే ఏడాది చెల్లించాలి.

ఒక మంచి మార్పు కూడా వచ్చింది. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26 కాలానికి రాష్ట్రాల విపత్తు నిధిని 1,60,153 కోట్లు చేసి, అందులో ఐదో వంతు, అంటే 32,031 కోట్లు, కేవలం 'ముందు జాగ్రత్త'కి విడిగా పెట్టింది. నా దృష్టిలో దివిసీమ తర్వాత వచ్చిన అతిపెద్ద మార్పు ఇదే. లైన్‌మన్ చెప్పిన "పడకుంట జేస్తానికి" అన్న ఖాతా కాగితం మీద మొదటిసారి పుట్టింది. అయితే ఆ ఐదో వంతు కోసం వరద గట్లు, కాలువలు, కొండచరియలు, పిడుగులు, ఎండలు అన్నీ క్యూలో ఉన్నాయి. కరెంటు తీగ ఆ క్యూలో ఎన్నో నంబరు? డిస్కం వేరే కంపెనీ కదా అని రెవెన్యూ వాళ్ళు, విపత్తు నిధి మనది కాదు కదా అని కరెంటు వాళ్ళు అనుకుంటే అది ఎప్పటికీ చివరి నంబరే.

భూగర్భ కేబులే మందు అని కూడా నేను అనను. ఖర్చు కొన్ని రెట్లు. పైగా విశాఖకి శత్రువు గాలి, వరంగల్‌కి శత్రువు నీళ్ళు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది, పక్క జిల్లా మోరంచపల్లి ఊరు ఊరే మునిగింది. అలాంటి చోట కేబులు భూమిలో పాతితే జాయింట్లోకి నీళ్ళెక్కి తప్పు ఎక్కడుందో వెతకడానికే రోజులు పడతాయి. అక్కడ కావాల్సింది ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎత్తు పెంచడం, సబ్‌స్టేషన్‌ని చెరువు శిఖం భూమిలో కట్టకపోవడం. అంటే ఢిల్లీ పట్టికలో దేశం మొత్తానికి ఒకే రేటు పెట్టడం కంటే, స్థానికంగా ఆలోచించి కట్టే డబ్బు కావాలి.

నా మట్టుకు నాకు అర్థమైంది ఇది. పడ్డ స్తంభానికి ఇచ్చే డబ్బుతో అంతకంటే గట్టి స్తంభం పాతితే అభ్యంతరం చెప్పని నిబంధన కావాలి, తేడా రాష్ట్రం పెట్టుకోనీ. ప్రతి ఏడాదీ బిల్లులోంచి కొన్ని పైసలు తుఫాను కోసమే తాళం వేసి దాచాలి, ఆ పైసలతో ఏం చేశారో జనానికి చూపించాలి. అప్పు తప్పదంటే, గ్రెనడా లాగా తుఫాను ఏడాది వాయిదా ఆగే షరతు అడగాలి. ఇవేవీ రాకెట్ సైన్సు కాదు. మనం కంపెనీల్లో డిజాస్టర్ రికవరీ అని ఏడాదికి రెండుసార్లు డ్రిల్ చేస్తాం, దానికి బడ్జెట్ అడిగితే ఎవరూ నవ్వరు. ఊరికి మాత్రం బ్యాకప్ అంటే లైన్‌మన్ నిద్ర.

ఆ రోజు సాయంత్రం ఆరున్నరకి కరెంటొచ్చింది. వీధంతా పిల్లలు "ఓఓఓ" అని అరిచారు, మా చిన్నప్పటిలాగే. లైన్‌మన్ దిగి, చేతులు తుడుచుకుని, తర్వాతి వీధికి వెళ్ళిపోయాడు. కొత్త స్తంభం పాత గుంతలోనే నిలబడి ఉంది. పొద్దున వాకింగ్‌కి వెళ్తూ దాన్ని చూస్తుంటాను. ఈసారి ఎన్నేళ్ళుంటుందో అని కాదు, పడ్డప్పుడు ఎవరి ఖాతాలో రాస్తారో అని.

మీలో ఎవరికైనా డిస్కంలో, ట్రాన్స్‌కోలో పనిచేసిన బంధువులుంటే, పాత తుఫాన్ల మరమ్మతుల కథలు అడిగి రాయండి. లెక్కలు కాగితాల్లో దొరుకుతాయి, ఆ రాత్రులు మాత్రం వాళ్ళ దగ్గరే ఉన్నాయి. నేను రాసినదాంట్లో తప్పులుంటే మొహమాటం లేకుండా చెప్పండి, దిద్దుకుంటాను.